వాషింగ్టన్ కమిటీ సైన్-ఇన్: మీట నొక్కితే సరిపోతుందా?

రాజధాని ఒలింపియాలో వాషింగ్టన్ రాష్ట్ర లెజిస్లేచర్ (చట్టసభ) సమావేశం జనవరి రెండో సోమవారం మొదలవుతుంది. బేసి సంవత్సరమైతే 105 రోజులు, సరి సంవత్సరమైతే 60 రోజులు నడుస్తుంది. ఆ వారం నుంచే సియాటిల్ దగ్గరి బెల్‌వ్యూ, రెడ్‌మండ్, బాథెల్, సమామిష్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ‘ఫలానా బిల్లు, కాన్ (వ్యతిరేకం) నొక్కండి, పది మందికి పంపండి’ అంటూ లింకులు తిరగడం మొదలవుతుంది. ఆ లింకు తెరిచేది కమిటీ సైన్-ఇన్ పేజీని, అంటే బిల్లును పరిశీలించే కమిటీకి మన అభిప్రాయం చెప్పడానికి పేరిచ్చే చోటును. డబ్బులు కట్టక్కర్లేదు, అకౌంటు తెరవక్కర్లేదు, పౌరసత్వం ఊసే ఉండదు. ఓటు లేని హెచ్1బీ కుటుంబం కూడా కమిటీ ముందు మాట్లాడొచ్చు. ఈ ఒక్కదానికే ఈ సేవకు మంచి మార్కులు వేయాలి.

చిక్కేమిటంటే, పేజీలో మూడు దారులుంటే జనమంతా వాటిలో బలహీనమైన దాని మీదే పడుతున్నారు. మొదటిది హియరింగ్‌లో, అంటే కమిటీ జనం మాట వినే మీటింగ్‌లో మాట్లాడటం, నేరుగా గానీ జూమ్‌లో గానీ. రెండోది రాతపూర్వకంగా పంపడం. మూడోది ప్రో (అనుకూలం), కాన్, అదర్ (ఇతరం)లలో ఒకటి ఎంచుకుని వైఖరి నమోదు చేసి వదిలేయడం. ఈ మూడో దారిలో గుర్తింపు కార్డు అడిగేవాళ్లు లేరు, కారణం చెప్పే పనీ లేదు. కాబట్టి వేల సంఖ్యలో కాన్‌లు పడినా కమిటీ సభ్యులు దాన్ని ఆ మేరకే లెక్కలోకి తీసుకుంటారు. వాట్సాప్‌లో నడిపించారని వాళ్లకూ తెలుసు.

వాడే పద్ధతి తేలికే. ముందు హౌసా సెనేటా ఎంచుకోవాలి. తర్వాత కమిటీ, మీటింగ్ తేదీ, ఎజెండాలోని బిల్లు, చివరికి పై మూడింటిలో ఒకటి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది మొదటి మెట్టు మీదే. హౌస్ బిల్లుల నంబర్లు 1000 నుంచి, సెనేట్‌వి 5000 నుంచి మొదలవుతాయి. ఒకే ప్రతిపాదన రెండు సభల్లోనూ రెండు నంబర్లతో ఉండొచ్చు. 2025లో అద్దె పెంపు పరిమితి బిల్లు హౌస్‌లో హెచ్‌బీ 1217, సెనేట్‌లో ఎస్‌బీ 5222. ఈ రోజు హియరింగ్ ఏ నంబరు మీదో చూడకుండా వెతికితే బిల్లు కనబడదు, లేదా వేరే రోజు మీటింగ్‌లో పేరు పడుతుంది. ఒకే మీటింగ్‌లో రెండు బిల్లుల మీద మాట్లాడాలంటే రెండుసార్లు నమోదు చేసుకోవాలి.

ఎజెండాలో ‘పబ్లిక్ హియరింగ్’ అని ఉంటేనే మనకు పని. ‘ఎగ్జిక్యూటివ్ సెషన్’ అంటే కమిటీ సవరణలు చర్చించి ఓటేసే సమయం, అక్కడ జనం మాట తీసుకోరు. ఓటింగ్ రోజు మాట్లాడదామని ఆగినవాళ్లు అప్పటికే ఆలస్యం చేసినట్టు.

గడువుల్లో పట్టూవిడుపూ లేదు. మాట్లాడాలన్నా, వైఖరి నమోదు చేయాలన్నా మీటింగ్ మొదలయ్యే సమయానికి గంట ముందే పేరు పడాలి. ఒలింపియాకు స్వయంగా వెళ్లేవాళ్లకూ ఇదే నియమం. ఉదయం 8 గంటల హియరింగ్ అంటే 7కల్లా తలుపు మూసేసినట్టే, కాబట్టి ముందు రాత్రే పని ముగించుకోవడం మేలు. రాతపూర్వక వాంగ్మూలానికి మాత్రం హియరింగ్ మొదలైన దగ్గర్నుంచి 24 గంటలు ఇస్తారు. ముగిసిన దగ్గర్నుంచి కాదు, మొదలైన దగ్గర్నుంచి.

ఈ సేవ మొత్తంలో అన్నిటికన్నా విలువైనది ఆ 24 గంటలే. వాడుకునేవాళ్లు మాత్రం తక్కువ. హియరింగ్ లెజిస్లేచర్ సమావేశాలు చూపే టీవీడబ్ల్యూ చానెల్లో ప్రత్యక్షంగా వస్తుంది, ఆర్కైవ్‌లోనూ ఉంటుంది. ఏ సభ్యురాలు ఏ సెక్షన్ మీద అనుమానం వెలిబుచ్చింది, అవతలి పక్షం ఏ అంకె చెప్పింది, దేనికి జవాబు రాలేదు అన్నవి రాసుకుని, ఆ జవాబునే ఒక పేజీలో పంపితే అది కమిటీకి అక్కరకొచ్చే కాగితం అవుతుంది. ముందే తయారుచేసిన నమూనా ఉత్తరాన్ని వందమంది పంపడం కంటే ఇది ఎన్నో రెట్లు నయం. రోజు గడిచాక పంపాలనుకుంటే సభ్యుల ఆఫీసులకు ఈమెయిల్ చేయడమొక్కటే దారి.

ఇక జూమ్‌లో మాట్లాడటం. నమోదయ్యాక ఈమెయిల్‌కు మీ ఒక్కరి కోసమే ఒక లింకు వస్తుంది. దాన్ని ఇంకెవరికీ పంపకూడదు. స్పామ్‌లో కూడా వెతకండి. జూమ్‌లో మీ పేరు ఫారంలో రాసినట్టే ఉండాలి. ‘అమ్మాస్ ఐప్యాడ్’ అని కనబడితే సిబ్బంది మిమ్మల్ని ఎలా పోల్చుకుంటారు? పక్కన టీవీడబ్ల్యూ మోగుతుంటే ఆపేయండి. ఆ ప్రసారం కాస్త వెనగ్గా నడుస్తుంది కాబట్టి మీ మాట మీకే తిరిగి వినబడి తడబడతారు. ఎజెండాలో మూడోదిగా ఉన్న బిల్లును ఛైర్ (కమిటీ అధ్యక్షులు) మొదటికి తేవొచ్చు, అందుకే మొదటి నిమిషం నుంచీ సిద్ధంగా ఉండాలి.

సమయం ఎంతన్నది ఛైర్ ఇష్టం. మామూలుగా రెండు నిమిషాలు, జనం ఎక్కువైతే ఒకటి. జాబితా పెద్దదైతే మీ దాకా రాకుండానే ముగించేయొచ్చు కూడా. నిమిషానికి నూట ఇరవై ఇంగ్లిషు మాటలకు మించి రాసుకోవద్దు. మనవాళ్లు టైం అయిపోతోందనగానే వేగం పెంచుతారు, అవతలివాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు. ఛైర్‌ను, సభ్యులను పలకరించి, రికార్డు కోసం పేరు, ఊరు చెప్పి, బిల్లుకు అనుకూలమో ప్రతికూలమో మొదటి వాక్యంలోనే తేల్చేయాలి. రెండో వాక్యంలో సెక్షన్ నంబరు. తర్వాత అది ఎవరికి ఎలా తగులుతుందో, ఏ మాట మారిస్తే సరిపోతుందో చెప్పాలి. ‘అద్దెలు భరించలేకపోతున్నాం’ అన్న మాటకు సభ్యులు తలూపుతారు, అంతే. ‘ఈ సెక్షన్‌లోని శాతాన్ని ఇంతకు మార్చండి’ అంటే ఎవరో ఒకరు పెన్ను తీస్తారు.

శాతం అంటే గుర్తొచ్చింది, బిల్లు ఏ ప్రతి మీద మాట్లాడుతున్నారో అదే రోజు సరిచూసుకోండి. హెచ్‌బీ 1217 హౌస్ నుంచి వెళ్లినప్పుడు అద్దె పెంపు హద్దు 7 శాతం. సెనేట్ దాన్ని 10 శాతానికి ద్రవ్యోల్బణం కలిపేలా మార్చింది. ఆఖరికి రెండు సభలూ రాజీపడి, 7 శాతానికి ద్రవ్యోల్బణం కలపగా వచ్చేది లేదా 10 శాతం, ఏది తక్కువైతే అది అని తేల్చాయి. గవర్నర్ బాబ్ ఫెర్గూసన్ 2025 మే 7న సంతకం చేశారు. ఈ ప్రయాణంలో పాత ప్రతి పట్టుకుని మాట్లాడితే లేని నిబంధనను తిట్టినట్టవుతుంది. ‘ప్రపోజ్డ్ సబ్‌స్టిట్యూట్’, అంటే అసలు బిల్లు స్థానంలో పెట్టే మార్చిన ప్రతి ఏదైనా వచ్చిందేమో కమిటీ పత్రాల్లో చూడాలి. సెనేట్ బిల్ రిపోర్టులోనైతే, విన్న బిల్లు ఒకటి, కమిటీ సిఫారసు చేసింది వేరొకటి అని కొన్నిసార్లు సిబ్బందే రాసిపెడతారు.

ఆ రిపోర్టులు చాలా బాగుంటాయి. ఏ పార్టీకీ చెందని సిబ్బంది రాస్తారు. బిల్లు ఏం చేస్తుందో, అనుకూలంగా, ప్రతికూలంగా ఏ వాదనలొచ్చాయో, ఎవరెవరు మాట్లాడారో, పేరిచ్చి అవకాశం రానివాళ్లెవరో అన్నీ ఉంటాయి. వైఖరి మాత్రమే నమోదు చేసినవాళ్ల పేర్లు అందులో కనబడవు. వార్తల కన్నా ముందు ఇవి చదవండి. బిల్లు డబ్బు కమిటీకి, అంటే సెనేట్‌లో వేస్ అండ్ మీన్స్‌కో హౌస్‌లో అప్రోప్రియేషన్స్‌కో వెళ్లాక ఫిస్కల్ నోట్ (ఖర్చు అంచనా పత్రం) కూడా చదవాలి. అక్కడ ఖర్చు గురించి కాక నీతి గురించి మాట్లాడితే సమయం వృథా.

పేజీలో నిజంగా చిరాకు పుట్టించేది ఇంకొకటి. బిల్లు సమాచారం ఉన్నచోట ‘కామెంట్ ఆన్ దిస్ బిల్’ అనే మీట ఉంటుంది. అది మీ జిల్లాకు చెందిన ఒక సెనేటర్‌కు, ఇద్దరు ప్రతినిధులకు వెళ్తుంది తప్ప కమిటీకిచ్చే టెస్టిమనీ (వాంగ్మూలం)లోకి రాదు. రెండూ ఒకటే అనుకుని కామెంట్ పెట్టి ఊరుకునేవాళ్లు చాలామందే. ఈ తేడా అక్కడే పెద్ద అక్షరాల్లో రాసిపెడితే పోయేదేముంది? సందేహమొస్తే 1-800-562-6000 హాట్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు.

మీరు ఇచ్చినదంతా పబ్లిక్ రికార్డు. వీసా వివరాలు, ఇంటి చిరునామా, పిల్లల బడి పేరు ఉత్తరంలో రాయకండి. కుటుంబ పరిస్థితి చెప్పడానికి అవేవీ అక్కర్లేదు.

మన దగ్గరితో పోల్చకుండా ఉండలేం. తెలంగాణలో భూమి హక్కుల కొత్త చట్టం ముసాయిదాను 2024 ఆగస్టులో జనం సూచనల కోసం బయట పెట్టారు, డిసెంబర్‌లో అసెంబ్లీ ఆమోదించింది. అంతవరకు మంచిదే. కానీ ఒక రైతు ఎమ్మెల్యేల కమిటీ ఎదుట కూర్చుని సెక్షన్ నంబరుతో మాట్లాడి, ఆ మాట అధికారిక నివేదికకెక్కే ఏర్పాటు అక్కడ మామూలు వ్యవహారం కాలేదు.

చివరిగా, హౌస్ కమిటీలో చెప్పింది సెనేట్ కమిటీకి దానంతటదే వెళ్లదు. బిల్లు ఒక సభలో గట్టెక్కి రెండో సభకు చేరగానే అక్కడ కొత్త కమిటీ, కొత్త హియరింగ్, కొత్త జాబితా. మళ్లీ పేరివ్వాలి, ఉత్తరం మళ్లీ పంపాలి. బిల్లు పేజీలో ఈమెయిల్ నోటిఫికేషన్ పెట్టుకుంటే తేదీ తెలుస్తుంది. బేసి సంవత్సరంలో కటాఫ్ (బిల్లు ముందుకెళ్లాల్సిన గడువు) దాటలేక ఆగిన బిల్లు తర్వాతి జనవరిలో అదే నంబరుతో మళ్లీ లేవొచ్చు, కాబట్టి నోటిఫికేషన్‌ను తీసేయకుండా ఉంచండి.