ఒడ్డు నుంచి హాలిబట్: ఆరేళ్ళలో ఏ ఎర పనిచేసింది, ఏది అటకెక్కింది

మొదటి రెండు సీజన్లు నేను చేప తల మీదుగా గాలం విసిరాను. ఆ సంగతి అప్పుడు తెలీదు. దక్షిణ కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ బీచ్‌లో తెల్లవారుజామునే మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, తొమ్మిదడుగుల రాడ్‌తో ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరేవాణ్ణి. అల విరిగే చోటు దాటి ఎంత దూరం పడితే అంత గొప్ప అనుకునేవాణ్ణి. చిన్న పెర్చ్ చేపలు పడేవి, నాచు పడేది, నేను వెతికే చదును చేప, హాలిబట్, మాత్రం పడేది కాదు. ఒకరోజు విసుగొచ్చి లూర్‌ని, అంటే నకిలీ ఎరని, నీళ్ళలోంచి పైకి తీస్తుంటే, నాకు రెండు గజాల దూరంలో ఇసుక లేచింది. పళ్ళెమంత చేప లూర్‌ని ఒక్క కొట్టు కొట్టి మాయమైంది. వచ్చింది సముద్రం వైపు నుంచి కాదు, నా వెనక, ఒడ్డు వైపు నుంచి.

అప్పటినుంచి నీళ్ళలోకి దిగడం మానేశాను. తడి ఇసుక మీద నిలబడి, ముందు ఒడ్డుకి వాలుగా నాలుగైదు సార్లు విసిరి, ఆ తర్వాతే సముద్రం లోపలి వైపు చూస్తాను. నాకు దొరికిన హాలిబట్‌లలో సగానికి పైగా ఒడ్డు నుంచి పదిహేను ఇరవై గజాల లోపలే దొరికాయి.

నేను చెప్పేది కాలిఫోర్నియా హాలిబట్ గురించి. అలాస్కాలో పడవల మీద పట్టే, వందల పౌండ్లు తూగే పసిఫిక్ హాలిబట్ వేరే జాతి. మాది చిన్నదే. అయినా 2011లో శాంటా రోసా దీవి దగ్గర పడిన రికార్డు చేప 67 పౌండ్లు దాటింది. ఒడ్డు మీద నిలబడేవాడికి నాలుగైదు పౌండ్ల చేప పడితే అది పండగే. ఈ చదును చేపలకి రెండు కళ్ళూ ఒక పక్కనే ఉంటాయి. శాస్త్రవేత్తలు దీన్ని ఎడమ కళ్ళ చేపల కుటుంబంలో వేశారు గానీ, పట్టిన వాటిని తిప్పి చూస్తే పదింటిలో నాలుగింటికి కళ్ళు కుడి పక్కనే ఉంటాయి. కుటుంబం మాట ఇది పెద్దగా పట్టించుకోదు.

ఇది వెంటపడి వేటాడే రకం కాదు. ఇసుక కప్పుకుని, రెండు కళ్ళూ బయటపెట్టి పడుకుంటుంది. అల విరిగి వెనక్కి లాగేటప్పుడు చిన్న చేపలు తూలుతాయి. ఒడ్డుకి సమాంతరంగా అలలు తవ్విన గాడి ఒకటి ఉంటుంది, ఆ తూలిన చేపలన్నీ అందులోకే జారతాయి. హాలిబట్ కాపు కాసేది అక్కడే. అందుకే ఏ లూర్ అన్న ప్రశ్న కంటే అది ఎక్కడి నుంచి ఎలా వెళ్తోందన్నదే ముఖ్యమని ఇప్పుడు అనుకుంటాను. అలాగని లూర్లన్నీ ఒకటే అని కాదు. వాటి మీద నేను తగలేసిన డబ్బుకైనా ఒక మాట చెప్పాలి.

అన్నిటికంటే ఎక్కువ చేపలు ఇచ్చింది 110 మిల్లీమీటర్ల గట్టి ప్లాస్టిక్ మిన్నో, అంటే సన్నటి చిన్న చేప ఆకారంలో ఉండే లూర్. దక్షిణ కాలిఫోర్నియా బీచ్‌ల మీద దీన్ని చూడని రోజు ఉండదు. లక్కీ క్రాఫ్ట్ ఫ్లాష్ మిన్నో 110 పేరు ఇక్కడ దాదాపు సామాన్య నామం అయిపోయింది. ఈ కొలత లూర్లు లోతుకి పోవు, నడుము లోతు నీళ్ళలో నేలకి కాస్త పైన వణుకుతూ వస్తాయి. నేను నెమ్మదిగా చుడతాను, మూడు నాలుగు చుట్లకి ఒకసారి ఆపుతాను. ఆపినప్పుడే కొడుతుంది, ఎక్కువసార్లు. కొట్టినట్టు కూడా ఉండదు, లైన్ ఏదో నాచుకి తగిలి బరువెక్కినట్టు ఉంటుంది. కొత్తలో నాచే అనుకుని వదిలేసిన చేపలు ఎన్నో. రంగుల విషయంలో నాకు పట్టింపు పోయింది. నీళ్ళు తేటగా ఉంటే స్మెల్ట్ అనే చిన్న చేపలా వెండి రంగు, మబ్బుగా ఉంటే కాస్త గులాబీయో పసుపో ఉన్నది. పెట్టెలో పద్నాలుగు రంగులున్నాయి, వాడేది మూడే.

ఈ మిన్నోలతో గొడవ హుక్కులు. నేను కొన్న వాటిలో కొన్నింటి మూడు ముళ్ళ హుక్కులు ఒక్క నెలకే తుప్పు పట్టాయి. ఇప్పుడు కొన్న రోజే ముందు వెనక రెండూ తీసేసి, ఉప్పునీటి కోసం చేసిన ఒంటి హుక్కులు వేస్తున్నాను. పట్టు కొంచెం తగ్గింది, ఒప్పుకుంటాను. కానీ చిన్న చేపని వదిలేటప్పుడు దాని నోరు చీలదు, నా వేళ్ళు మిగులుతాయి. హాలిబట్ పళ్ళు సూదుల్లా ఉంటాయి. అది ఒడ్డున ఎగిరి పడేటప్పుడు దాని నోట్లో మూడు ముళ్ళు, బయట ఇంకో మూడు వేలాడుతుంటే చెయ్యి పెట్టబుద్ధి కాదు.

రెండోది మెత్తటి రబ్బరు చేప, స్వింబెయిట్ అంటారు, నాలుగైదు అంగుళాలది, తోక చదునుగా ఉండేది. ముప్పావు ఔన్సు సీసం తల వేస్తే గాలిలోనూ వెళ్తుంది, అడుగు తాకుతుంది. అలలు కాస్త పెద్దగా ఉన్న రోజు మిన్నో పల్టీలు కొడుతుంది, ఇది నిలబడుతుంది. కొంచెం ఇసుక రేపుతూ రావాలి, నేలకి కొట్టుకుంటూ కాదు. హాలిబట్ చాలాసార్లు తోకనే పట్టుకుని వదిలేస్తుంది. బయటికి తీస్తే తోక మీద సన్నటి పళ్ళ గాట్లు వరసగా కనిపిస్తాయి, అది చూసి ఉసూరుమంటాం. వెనక ఇంకో చిన్న హుక్కు కట్టడం మొదలుపెట్టాక ఆ బాధ బాగా తగ్గింది. నాచు ఎక్కువున్న రోజు మాత్రం ఆ రెండో హుక్కే శాపం.

స్పూన్లు, అంటే చెంచా ఆకారపు లోహపు లూర్లు, నేను దాదాపు మానేశాను. బాగా దూరం వెళ్తాయి, ఎదురుగాలిలో ఇంకేదీ వెళ్ళనప్పుడు పనికొస్తాయి. కానీ దూరమే నాకు అక్కర్లేదని చెప్పాను కదా. పెట్టెలో ఒక్కటి ఉంటుంది.

అందరూ చిన్నచూపు చూసేదీ, కొత్తవాళ్ళకి నేను ముందు చేతిలో పెట్టేదీ కరోలినా రిగ్. లైన్ మీద జారే సీసం గుండు, కింద ఒక పూస, స్వివెల్ అనే తిరిగే లంకె, అక్కడినుంచి లీడర్ అనే రెండు మూడడుగుల చివరి లైన్ ముక్క, చివర హుక్కుకి రబ్బరు పురుగు. దీన్ని ఎక్కువమంది పెర్చ్ కోసం వేస్తారు. అడుగున తాపీగా ఈడుస్తుంటే హాలిబట్ కూడా పడుతుంది, ఎక్కువగా చిన్నవి. దీనికి డబ్బు పెద్దగా అవ్వదు, పైగా నేల ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ గుంట ఉంది అన్నది చేతికి తెలుస్తుంది. మిన్నోతో నాకు రెండేళ్ళలో రాని ఆ జ్ఞానం దీనితో రెండు నెలల్లో వచ్చింది.

ఇక నిజమైన ఎరలు. పియర్ మీద, అంటే సముద్రంలోకి కట్టిన వంతెన మీద, నిలబడితే లూర్ల కంటే బతికున్న ఎరే మేలు, అందులో నాకు అనుమానం లేదు. సబికి రిగ్‌తో, అంటే ఒకే లైన్‌కి ఆరేడు చిన్న ఈక హుక్కులున్న దానితో, ముందు స్మెల్ట్ పట్టుకోవాలి. దాని ముక్కుకి చిన్న హుక్కు గుచ్చి, జారే గుండుతో అడుగుకి దింపి, స్తంభాల పక్కన మెల్లగా నడిపించాలి. లైన్ కదలగానే లాగకండి. హాలిబట్ ముందు అడ్డంగా పట్టుకుని, తర్వాత తిప్పి మింగుతుంది. నేను ఐదు లెక్కపెడతాను. ఘనీభవించిన ఆంకోవీలతోనూ చేప పడుతుంది, కానీ దానికంటే ముందు గిటార్‌ఫిష్‌లూ, రే చేపలూ వస్తాయి. మీకు అదీ సరదాయే అంటే సరే. పియర్ మీద ఒక్క ఇబ్బంది ఉంది: పెద్ద చేప పడితే పైకి ఎలా తీస్తారు? తాడు కట్టిన గుండ్రటి వల లేకుండా ఇరవై అడుగుల ఎత్తుకి లైన్‌తో లాగితే, చేప నీళ్ళ పైనుంచి మీకు వీడ్కోలు చెబుతుంది. నాకు రెండుసార్లు చెప్పింది.

వేళల గురించి ఎంత చెప్పినా తక్కువే. సంవత్సరం పొడుగునా ఈ చేప ఉంటుంది గానీ, వసంతంలో గుడ్లు పెట్టడానికి తీరం దగ్గరికి వస్తుంది. మార్చి నుంచి ఆగస్టు దాకా నాకు మంచి కాలం, అందులోనూ మే, జూన్. ఆ రెండు నెలలూ పొద్దున పూట మబ్బు పట్టి ఉంటుంది, జనం జూన్ గ్లూమ్ అని తిట్టుకుంటారు. నాకు మాత్రం ఆ మబ్బు వరం, పొద్దెక్కినా నీళ్ళలో వెలుగు గుచ్చుకోదు, చేప ఇంకో గంట ఎక్కువ తింటుంది. నీళ్ళు 60 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే చల్లగా ఉంటే నేను నిద్రే పోతాను.

వేసవిలో ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ బాగా దిగిన ఆటు తెల్లవారుజామునే వస్తుంది. చలికాలంలో అదే మధ్యాహ్నం వస్తుంది. అంటే మే, జూన్‌లలో చీకటి ఉండగానే వెళ్తే, నీళ్ళు వెనక్కి పోయి, గాడులూ గుంటలూ కళ్ళముందు బట్టబయలుగా ఉంటాయి. ఫోన్‌లో ఫొటోలు తీసుకుంటాను, లైఫ్‌గార్డ్ టవర్ నంబరుతో సహా. తర్వాత పోటు మొదలై నీళ్ళు ఆ గుంటల్లోకి ఎక్కేటప్పుడు, సరిగ్గా తెల్లారుతున్నప్పుడు, విసరడం మొదలుపెడతాను. పోటు సగం ఎక్కేదాకా నాకు బాగుంటుంది. నిండుగా ఎక్కాక అల ఒడ్డుని తన్ని ఇసుకంతా రేపుతుంది, అప్పుడు ఇంటికి.

గ్రూనియన్ రాత్రులు ఇంకో లెక్క. ఈ చిన్న వెండి చేపలు పౌర్ణమి, అమావాస్యల తర్వాత మూడు నాలుగు రాత్రులు, పోటు దాటాక ఒడ్డెక్కి ఇసుకలో గుడ్లు పెడతాయి. అవి ఒడ్డు దగ్గర గుమికూడేటప్పుడు హాలిబట్ కూడా అక్కడే ఉంటుంది. ఆ మర్నాడు పొద్దున నా మంచి చేపలు కొన్ని పడ్డాయి. గ్రూనియన్‌ని పట్టి ఎరగా వేద్దామనుకుంటే జాగ్రత్త: ఏప్రిల్ నుంచి జూన్ దాకా వాటిని ముట్టుకోకూడదు, మిగతా రోజుల్లోనూ ఉత్త చేతులతోనే పట్టాలి.

గాలి ఒకటి మర్చిపోయాను. సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉన్న రోజులు వెతకండి. నడుముని మించిన అలలుంటే నేను కాఫీ తాగి వెనక్కి వస్తాను.

రాడ్, రీల్ సంగతి తొందరగా ముగిస్తాను. మధ్యస్థంగా వంగే ఎనిమిదిన్నర, తొమ్మిది అడుగుల రాడ్, 4000 సైజు స్పిన్నింగ్ రీల్, 20 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైన్), చివర 15 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్. మొదటి రీల్ ఎనిమిది నెలల్లో ఇసుక తిని చచ్చింది. తప్పు నాదే, విసిరే ప్రతిసారీ ఇసుక మీద పెట్టేవాణ్ణి. రెండోది నాలుగేళ్ళుగా తిరుగుతోంది, ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడుగుతాను, అంతే. డ్రాగ్, అంటే లైన్ జారకుండా పట్టే రీల్ బ్రేకు, వదులుగా పెట్టుకోండి. చేప ఒడ్డు దాకా కుక్కపిల్లలా వచ్చి, పాదాల దగ్గర మిమ్మల్ని చూడగానే ఒక్క పరుగు తీస్తుంది. నా పెద్ద చేప తెగిపోయింది ఆ పరుగులోనే. అల వచ్చేదాకా ఆగి, అల మోసుకొచ్చినప్పుడు వెనక్కి నడుస్తూ ఇసుక మీదకి జార్చాలి.

వేసవిలో నీళ్ళలోకి దిగాల్సి వస్తే పాదాలు ఎత్తకుండా ఈడుస్తూ నడవండి. స్టింగ్‌రేలు అదే ఇసుకలో పడుకుంటాయి. సీల్ బీచ్‌కి రే బే అని ముద్దుపేరు ఊరికే రాలేదు. నాకు ఒకసారి చీలమండ దగ్గర పొడిచింది. లైఫ్‌గార్డులు కాలు కాలేంత వేడి నీళ్ళలో గంటకి పైగా పెట్టించారు, నొప్పి తగ్గింది. ఆ గంట మాత్రం మాటల్లో పెట్టలేను.

రూల్స్ మాట. పదహారేళ్ళు నిండితే లైసెన్స్ కావాలి, పబ్లిక్ పియర్ మీద అక్కర్లేదు గానీ అక్కడ ఒకరికి రెండు రాడ్లే. హాలిబట్ 22 అంగుళాలు ఉండాలి. మధ్య కాలిఫోర్నియా తీరంలోని పాయింట్ సుర్‌కి దక్షిణాన రోజుకి ఐదు, ఉత్తరాన అంతకంటే తక్కువ. లగూనా బీచ్, పాయింట్ డూమ్ లాంటి రిజర్వ్‌లలో అసలు గాలమే వేయకూడదు, కాబట్టి కొత్త బీచ్‌కి వెళ్ళే ముందు మ్యాప్ చూడండి. ఐదు అనగానే సంబరపడకండి. నాకు పడే పదింటిలో ఒకటి కూడా 22 దాటదు. ఆ కొలతకి రావడానికి చేపకి దాదాపు ఐదేళ్ళు పడుతుంది, బాగా పెరిగేవన్నీ ఆడవే. ఖాళీ చేతులతో వస్తే మా ఆవిడ ప్రతిసారీ ఒకటే అంటుంది: "పెట్రోల్ డబ్బులతో కొట్లో కొన్నా ఇంతకంటే పెద్దది వచ్చేది కదండీ?"

ఆరేళ్ళలో నేను కొన్న వాటన్నిటిలో ఎక్కువసార్లు పనికొచ్చింది డబ్బు పెట్టి కొన్నది కాదు. రాడ్ పిడి చివరి నుంచి సరిగ్గా 22 అంగుళాల దగ్గర ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీశాను. చేపని పక్కన పెట్టి, ముక్కు నుంచి తోక దాకా చూసి, గీత అందకపోతే అదే అలలో వదిలేస్తాను. గత నెల ఒకటి గీతకి పావు అంగుళం తక్కువొచ్చింది. మూడుసార్లు కొలిచాను, మూడోసారి తోక కాస్త నొక్కి కూడా చూశాను. అందలేదు. ఇంటికొచ్చేసరికి ఆవిడ సీసా వెతుక్కుంటోంది. మూత సరిగ్గా పెట్టలేదు నేను, లోపలంతా గడ్డకట్టింది.