ఎనిమిదేళ్ళ వెనీర్లు: ఆకారం బాగుంది, బాధంతా రంగుతోనే

వెనీర్లు అంటే పళ్ళను ముందు వైపు కాస్త అరగదీసి, వాటి మీద సిమెంట్‌తో అతికించే పలుచని పెంకులు. పై వరుసలో ఈ కోరపన్ను నుంచి ఆ కోరపన్ను దాకా ఆరు పళ్ళకు పోర్సిలిన్ వెనీర్లు పెట్టించుకుని నాకు ఎనిమిదేళ్ళు దాటింది. ముందు రెండు పళ్ళ మధ్య సందు ఉండేది, పక్క పన్ను మరీ చిన్నగా, మొన తేలి ఉండేది. ఆ రెండు ఇబ్బందులూ పూర్తిగా పోయాయి. ఫోటో తీస్తున్నారంటే పెదాలు బిగించుకునే అలవాటు కూడా పోయింది. దానికి నాకు ఈ రోజుకీ సంతోషమే. కానీ రంగు సంగతి మాత్రం ఎనిమిదేళ్ళుగా నన్ను వదల్లేదు.

ఆకారం కోసం డాక్టరూ నేనూ మూడుసార్లు కూర్చున్నాం. మైనంతో నమూనా చేయించారు, దాన్నిబట్టి నోట్లో తాత్కాలికంగా పెట్టి చూపించారు, అంచులు కాస్త తగ్గించమంటే తగ్గించారు. ఇంత ఓపికగా చూసిన మనిషి రంగును మాత్రం పళ్ళు అరగదీసే రోజున, అదీ పని సగం అయ్యాక, పది నిమిషాల్లో తేల్చేశారు. అప్పటికి గంటకు పైగా నోరు తెరుచుకునే ఉన్నాను. బుగ్గల్లో దూది ఉంది. గాలి ఊది ఊది పళ్ళు ఎండిపోయి ఉన్నాయి. నెత్తిమీద పెద్ద లైటు. పంటి రంగులు పోల్చి చూసే షేడ్ గైడ్‌లోని నమూనా పళ్ళను ఒక్కొక్కటే పక్కన పెట్టి చూసి "బి1 రంగు సరిపోతుందండీ" అన్నారు. నాకేం తెలుసు, తలూపాను.

ఇందులో తప్పేమిటో నాకు అయిదేళ్ళ తర్వాత గానీ అర్థం కాలేదు. పన్ను ఎండితే ఉన్న రంగు కంటే తెల్లగా కనిపిస్తుంది. ఇసుక తడిగా ఉన్నప్పుడు ముదురుగా, ఆరాక తెల్లగా ఉన్నట్టే ఇదీ. పంటి పైపొర అయిన ఎనామెల్‌లోని సన్నని రంధ్రాల్లో తడి పోయి గాలి చేరితే వెలుతురు లోపలికి వెళ్ళకుండా అక్కడే చెదిరిపోతుంది. మళ్ళీ లాలాజలంలో నాని అసలు రంగుకు రావడానికి చాలా గంటలు పడుతుంది. అందుకే రంగు చూడటం ఆ రోజు మొదటి పని కావాలి. మత్తు ఇంజెక్షన్‌కి, దూదికి, గాలికి అన్నిటికీ ముందు. నా విషయంలో అది ఆఖరి పని అయింది. బి1 కంటే కాస్త ముదురైన ఏ2 రంగు దగ్గర ఉండాల్సిన పళ్ళకు, ఆ గైడ్‌లోని 16 రంగుల్లోకెల్లా తెల్లటిదైన బి1 వచ్చింది.

అతికించిన రోజు అద్దంలో చూసుకుని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అంత బాగున్నాయి. మూడు వారాల తర్వాత పగటి వెలుతురులో తీసిన ఒక ఫోటో చూశాను. ముందు ఆరూ ఒక రంగు, వాటి వెనక చిన్న దవడ పళ్ళు ఇంకో రంగు, కింది వరుస మొత్తం మరో రంగు. ఎవరూ ఏమీ అనలేదు. చాలామంది గమనించి కూడా ఉండరు. నేను మాత్రం ఆ రోజు నుంచి చూడకుండా ఉండలేకపోయాను.

మొదటి ఏడాది నేను అందరికీ గొప్పగా చెప్పిన మాట ఒకటుంది. కాఫీ తాగినా, టీ తాగినా పోర్సిలిన్‌కి మరక పట్టదని. అది నిజమే, ఇప్పటికీ పట్టలేదు. కానీ ఆ మాటలో సగమే ఉందని తర్వాత తెలిసింది. వెనీరు రంగు మారదు, పక్కనున్న సొంత పళ్ళు మారతాయి. వయసుతో పాటు ఎనామెల్ పలచబడి లోపలి పసుపు బయటికి కనిపిస్తుంది. మొదటి రోజున కొంచెంగా ఉన్న తేడా ఏటా ఇంకొంచెం పెరుగుతోంది. ఇంకో మాట కూడా అనేదాన్ని, చిగురు దగ్గర అతుకు ఎక్కడుందో కనిపెట్టలేరని. ఇప్పుడు రెండు పళ్ళ దగ్గర చిగురు కాస్త పైకి జరిగింది. బాగా దగ్గరగా చూస్తే సన్నని గీత కనిపిస్తుంది.

అయిదో ఏడు ఒకరోజు పొద్దున లేచేసరికి నాలుకకు గరుకుగా ఏదో తగిలింది. అద్దంలో చూస్తే ముందు పన్ను అంచు అర్ధచంద్రంలా పెచ్చు లేచిపోయి ఉంది. గట్టివేమీ కొరకలేదు, దెబ్బ తగల్లేదు. నిద్రలో పళ్ళు నూరుతున్నానని అప్పుడు బయటపడింది. కింది పళ్ళ కొసలు అరిగిన తీరు చూసి చెప్పారు. ఆ అరుగుదల పాతదే. వెనీర్లు పెట్టే ముందు ఎవరైనా చూసి ఉంటే రాత్రిపూట పళ్ళకు తొడుక్కునే గార్డు మొదటి రోజు నుంచే ఇచ్చి ఉండేవారు. ఇది కూడా నాకు కోపమే.

మొదట ఆ పెచ్చు చోట పంటి రంగులో ఉండే కాంపోజిట్ అనే పూత పదార్థం పెట్టి నునుపు చేశారు. ఏడు నెలలకే దాని చుట్టూ గోధుమరంగు గీత పడింది. అప్పుడు వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆ ఒక్క వెనీరూ మార్చాలన్నారు. పాతదాన్ని ఊడబీకడం కుదరదు, అరగదీయాల్సిందే. ఎక్కడ సిమెంట్ అయిపోయి ఎక్కడ పన్ను మొదలవుతుందో చూసుకుంటూ చేయాలి కాబట్టి చాలాసేపు పట్టింది.

కానీ ఆమె కుర్చీ వెనక్కి వంచకముందే చేసిన పని చూసి నేను ఆశ్చర్యపోయాను. లిప్‌స్టిక్ తుడిచేయమన్నారు. నా ఎరుపు చున్నీ మీద బూడిదరంగు గుడ్డ కప్పారు. పెద్ద లైటు ఆర్పేసి కిటికీ వైపు తిప్పారు. షేడ్ నమూనాను పన్ను పక్కన పెట్టి నాలుగైదు సెకన్లు మాత్రమే చూసి కళ్ళు పక్కకు తిప్పుకున్నారు. అదేపనిగా చూస్తే కన్ను అలసిపోయి తేడా తెలియదట. తర్వాత నమూనాతో కలిపి ఫోటోలు తీసి ల్యాబ్‌కి పంపారు. "ఎండక ముందే చూడాలండీ, తర్వాత చూస్తే మోసపోతాం" అన్నారు మామూలుగా. ఆ ఒక్క మాటతో నా అయిదేళ్ళ బాధకు కారణం దొరికింది.

దొరికింది కానీ నాకు ఉపయోగపడలేదు. మార్చేది ఒక్కటే. అది మిగతా అయిదింటికీ కలవాలి. సరైన రంగు ఎలా చూడాలో తెలిసిన డాక్టరు దొరికిన రోజున, ఆ నేర్పంతా పాత తప్పు రంగుకు జత కలపడానికి వాడాల్సి వచ్చింది. ఆరూ మార్చేద్దామా అని కూడా అడిగాను. బాగున్న అయిదింటిని అరగదీస్తే ఎంతో కొంత ఎనామెల్ కూడా పోతుందని, అది మళ్ళీ పెరిగేది కాదని, రంగు కోసం మాత్రమే అయితే తొందరపడవద్దని చెప్పారు. ఆమె మాటే విన్నాను.

కొత్తది ల్యాబ్ నుంచి వచ్చాక అతికించకుండా ట్రయల్ పేస్ట్‌తో పెట్టి చూపించారు. ఆ పేస్ట్ కడిగితే పోతుంది, కానీ రంగు మాత్రం అసలు సిమెంట్ లాగే కనిపిస్తుంది. లైటు కింద ఆరూ ఒక్కటే. చేతి అద్దం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి చూస్తే కొత్తది బూడిదగా ఉంది. ఒక వెలుతురులో కలిసిన రంగులు ఇంకో వెలుతురులో విడిపోతాయని అప్పుడే కళ్ళారా చూశాను. ఆమె వాదించలేదు, వెనక్కి పంపారు. రెండోసారి వచ్చింది కుదిరింది. కాస్త పసుపు కలిసిన సిమెంట్ ఎంచుకుని అతికించారు. ఇప్పుడు ఆరింటిలో కొత్తదేదో నేను చెబితే తప్ప ఎవరూ పోల్చలేరు. పెట్టించుకోబోయేవాళ్ళు ఎవరైనా నన్ను అడిగితే ఇదొక్కటే చెబుతున్నాను: అతికించక ముందు అద్దం పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళండి. ఒకసారి సిమెంట్ గట్టిపడ్డాక రంగు మార్చే దారి లేదు. పళ్ళు తెల్లబరిచే జెల్ పోర్సిలిన్ మీద ఏమాత్రం పనిచేయదు.

సొంత పళ్ళ మీద పనిచేస్తుంది కాబట్టి నేను ఆ దారి పట్టాను. కింది వరుసకూ, పై దవడ పళ్ళకూ, పళ్ళకు తొడుక్కునే ట్రేలో జెల్ వేసుకుని తెల్లబరుచుకున్నాను. రెండు వారాలు పట్టింది, చల్లనీళ్ళు తాగితే జివ్వుమనేది. తేడా చాలావరకు తగ్గింది. అయితే అది నిలిచేది కాదు, మెల్లగా పసుపు తిరిగి వస్తోంది, ఇప్పటికి రెండుసార్లు చేశాను.

మళ్ళీ పెట్టించుకుంటారా అంటే, నాకున్న సందుకీ ఆ చిన్న పన్నుకీ అయితే పెట్టించుకుంటాను. పళ్ళు బాగానే ఉండి కేవలం తెలుపు కోసం అడిగేవాళ్ళకు నేను సరే అనలేను, ముందు జెల్ చేసి చూడమంటాను. రాత్రి పళ్ళు నూరే అలవాటున్నవాళ్ళకు నా అనుభవం ఎంతవరకు సరిపోతుందో కూడా చెప్పలేను. గార్డు పెట్టుకుంటున్న ఈ మూడేళ్ళలో నాకు ఇంకో పెచ్చు లేవలేదు, అంతే. మిగతా అయిదింటికీ మార్చాల్సిన రోజు వచ్చినప్పుడు కుర్చీలో కూర్చోగానే, నోరు తెరవకముందే, రంగు చూడమని అడుగుతాను. అప్పటి కోసం వెనీర్లు లేని నా పళ్ళ ఫోటోలు, ఏ2 నమూనా పక్కన పెట్టి కిటికీ వెలుతురులో తీసినవి, దాచి ఉంచాను.