ఉప్పునీటి ట్యాంకు మీద కెసిల్ ఏ360ఎక్స్: ఏడాదిన్నర వాడాక

మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. హాల్లో కోరల్స్ (పగడాలు) పెంచే 40 గ్యాలన్ల ఉప్పునీటి ట్యాంకు, 36 అంగుళాల పొడవు, 18 వెడల్పు. ఇప్పుడు దాని మీదున్నది రెండో లైటు. మొదటిది ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిన పేరూ ఊరూ లేని నల్ల డబ్బా, 165 వాట్లని రాసుంటే అబ్బో అనుకుని కొనేశాను, ఆరు నెలలు తిరక్కుండానే దాని ఫ్యాను మిక్సీలా మోగడం మొదలెట్టింది, టీవీ చూడాలంటే లైటు కట్టేయాల్సి వచ్చేది.

తర్వాత కొన్నదే ఈ కెసిల్ ఏ360ఎక్స్ ఎల్ఈడీ లైటు, నీలం ఎక్కువుండే ట్యూనా బ్లూ రకం. 90 వాట్లే. వాట్లు తగ్గితే వెలుగూ తగ్గుతుందేమో అని మా ఆవిడ అడిగింది (నాకూ అదే అనుమానం, పైకి అనలేదు). వాట్లతో తేలేది కరెంటు బిల్లు మాత్రమే. కోరల్ ఒంట్లో కాపురముండే జూజాంతెల్లె అనే సూక్ష్మమైన నాచు వెలుగుతో తిండి తయారుచేసి దానికి పెడుతుంది, ఆ నాచుకి బాగా పనికొచ్చేది 400 నుంచి 480 నానోమీటర్ల మధ్య ఉండే నీలం వెలుగు. అది నీళ్లలో ఎక్కడ ఎంత పడుతోందో కళ్లతో చెప్పలేం, పార్ మీటరు (నాచుకి పనికొచ్చే వెలుగు ఎంతుందో కొలిచే పరికరం) పెట్టి కొలవాల్సిందే. మీటరు కొనాలంటే లైటు ధర కన్నా ఎక్కువయ్యేలా ఉంది, అందుకే తెలిసినవాళ్ల దగ్గర ఓ వారాంతం అరువు తెచ్చుకున్నాను.

నీటికి 9 అంగుళాల పైన, 70 శాతం మీద పెట్టి కొలిస్తే సరిగ్గా లైటు కిందున్న రాయి కొమ్మున పార్ 280, ఇసుక మీద 110, మూలల్లో 40 కూడా రాలేదు. ఇది 24 అంగుళాల చదరానికి సరిపోయే లైటు, నా ట్యాంకు నిండాలంటే రెండు కావాలి. రెండోది కొనే ఓపిక లేక మూలల్లో మష్రూమ్ కోరల్స్ పెట్టేశాను, వాటికి ఆ చీకటే హాయి. హామర్, టార్చ్ అనే కోరల్స్ మధ్యలో కిందివైపు. వెలుగు బాగా కావాల్సిన అక్రోపొరా కోరల్ ఒకే ఒక్క కొమ్మ, పైన. ట్యాంకంతా అక్రోపొరాలే పెంచాలనుకునేవాళ్లు ఒక్క లైటుతో సరిపెట్టుకోవాలని చూడొద్దు.

వెలుగు ఒకేచోటి నుంచి వస్తుంది కాబట్టి ఇసుక మీద వెలుగు గీతలు పరిగెడతాయి, రుషికొండ ఒడ్డున మోకాలి లోతు నీళ్లలో నిలబడి కిందికి చూసినట్టు. ఎంతసేపు చూసినా తనివి తీరదు. అదే కారణంగా రాళ్ల కింద నల్లటి నీడలూ పడతాయి, ఈ విషయంలో పాత టీ5 ట్యూబులే నయం, వెలుగు అన్నివైపులా సమంగా పరిచేవి. ఫ్యాను ఉందన్న సంగతే మర్చిపోయాను. లైటు మీద రెండు నాబ్‌లు, ఒకటి రంగుకి, ఒకటి వెలుగుకి, అంతే. లైటుని పట్టుకునే గూస్‌నెక్ (వంచుకునే మెడ) స్టాండూ, ఫోన్‌తో నడపడానికి వైఫై డాంగిలూ విడిగా కొనుక్కోవాలి, బడ్జెట్ వేసేటప్పుడే కలుపుకోండి.

ఒక్క తప్పు చేశాను, పూర్తిగా నాదే. కొత్త మోజులో మొదటిరోజే 80 శాతం పెట్టాను. వారం తిరిగేసరికి టార్చ్ పాలిపోయి తెల్లబడింది, వెలుగు ఎక్కువైతే కోరల్ ఆ నాచుని బయటికి తోసేస్తుంది మరి. 30 శాతానికి దింపి, వారానికి 5 చొప్పున పెంచుకుంటూ వచ్చాను. రోజుకి 9 గంటలు. కోలుకోవడానికి నాలుగు నెలలు పట్టింది, ఆ టెన్షన్ మీకొద్దు.

మొన్న వీడియో కాల్‌లో ఇది చూసి హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిది "బావా, వచ్చేటప్పుడు నాకూ ఒకటి పట్రా" అన్నాడు. దేనికిరా అంటే రీఫ్ (పగడాల ట్యాంకు) పెడతాడట. మన దగ్గర రీఫ్ కట్టే గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి, పులితో సమానం అని చెప్పాను. క్లౌన్ చేపలు రెండు వేసుకుంటే మామూలు ఎల్ఈడీ పట్టీ చాలు, ఈ డబ్బుతో మంచి స్కిమ్మర్ (నీళ్లలో మురికిని నురగతో తీసేసేది) కొనుక్కోమన్నాను. అలిగాడు.