పెద్దమ్మ చేపల పులుసు: ముందు పస్తుండాలా, తర్వాత పస్తుండాలా?

నెల్లూరులో మా పెద్దమ్మ ఇంటికి భోజనానికి వెళ్లడమంటే బరువు తగ్గే పనిలో ఉన్నవాడికి పరీక్షే. మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసు, రొయ్యల వేపుడు, చివర్లో మలై కాజా. ఒంగోలులో రైలెక్కే ముందే టెన్షన్ మొదలవుతుంది. నాలుగు నెలల్లో 84 కిలోల నుంచి 78కి దిగాను. మధ్యలో ఇలాంటి ఆదివారాలు మూడు వచ్చాయి. మూడింటినీ మూడు రకాలుగా గడిపాను.

మొదటిసారి పొద్దున్నుంచి పస్తు. లెక్క చూస్తే బాగానే ఉంది. టిఫిన్ మానేస్తే ఓ 400 కేలరీలు మిగులుతాయి, వాటిని మధ్యాహ్నం వాడుకోవచ్చు. కానీ ఒంటిగంటకు అన్న భోజనం రెండున్నరకు గానీ కాలేదు. ఈలోగా వంటింటి గట్టు మీదున్న రొయ్యల వేపుడు సగం ఖాళీ చేశాను. కూర్చున్నాక కడుపు నిండిన సంగతి తెలిసేసరికి మూడోసారి అన్నం కూడా అయిపోయింది. మిగిల్చిన 400 ఏ మూలకూ చాల్లేదు.

రెండోసారి సుష్టుగా తిని, సోమవారం పస్తుందామనుకున్నాను. పొద్దున్నే తూకం చూస్తే కిలోన్నర ఎక్కువ! గుండె జారిపోయింది. నిజానికి అది కొవ్వు కాదు. కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలుంటాయి. నేను ముందురోజు 1,500 కేలరీలు అదనంగా తిన్నా, పేరుకునే కొవ్వు 200 గ్రాములకు మించదు. మిగతాదంతా ఎక్కువగా నీరే. అన్నంలోని పిండిపదార్థం కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా, అంటే ఒళ్లు దాచుకునే చక్కెర నిల్వగా చేరుతుంది. అప్పుడు ఒక్కో గ్రాము దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుంటుంది. పులుసులో ఉప్పు మరికొంత నీటిని ఆపుతుంది. ఇంకా అరగని తిండి బరువు ఉండనే ఉంది. ఏమీ చేయకపోయినా రెండు మూడు రోజుల్లో దిగిపోయేదే. ఆ సంగతి తెలియక పగలంతా మజ్జిగతో గడిపి, రాత్రి తొమ్మిదికి పరోటా బండి దగ్గర తేలాను.

ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోక తప్పదంటే ముందు పస్తే కాస్త నయం. తర్వాతి పస్తు తిన్నందుకు వేసుకునే శిక్ష, శిక్ష ఎక్కువసేపు నిలవదు. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా రెండింటి జోలికీ పోకూడదు.

మూడోసారి పొద్దున రెండు గుడ్లు, ఒక దోసె తినే బయల్దేరాను. ఆకలి అదుపులో ఉంటే ఏది తినాలో, ఏది వదలాలో చూసుకునే తీరిక ఉంటుంది. ఇక్కడ చేప తప్పేం లేదు. 100 గ్రాముల చేపలో 20 గ్రాముల దాకా ప్రోటీన్, కడుపూ నిండుతుంది. అసలు లెక్క అన్నంలో, పులుసు మీద తేలే నూనెలో ఉంది. కప్పు అన్నం 200 కేలరీలు, పెద్ద చెంచాడు నూనె 120. గంట నడిస్తే నాలాంటి బరువుకు ఖర్చయ్యేది 250 చిల్లర, కాబట్టి 'తిని నడిచేద్దాం' అనే ధైర్యం పనికిరాదు. నాలుగు ముక్కలు, ఒక్కసారే అన్నం, నూనె పక్కకు. లడ్డు ఒంగోలులోనూ దొరుకుతుంది కనుక వదిలేశాను. మలై కాజా వదల్లేదు, వదలను కూడా.

"ఏంది అబ్బయా, ఆ రెండు మెతుకులేనా తినేది?" అంది పెద్దమ్మ.

"పులుసు రేపటికి ఇంకా బాగుంటుందని నువ్వే అంటావు గదా పెద్దమ్మా, డబ్బాలో పెట్టియ్యి."

ఆ మాట ఆవిడ కాదనలేదు. చేపకు పులుపు పట్టాలంటే ఒక రాత్రి ఆగాల్సిందే. ఒక్కపూట విందు అట్లా రెండు పూటలైంది. అయినా ఓ 600 కేలరీలు ఎక్కువే పడి ఉంటాయి. వాటిని ఆ వారమంతా రోజుకో 100 చొప్పున సర్దాను. మధ్యాహ్నం అన్నం ఒక గుప్పెడు తగ్గించి, సాయంత్రం టీలో చక్కెర మానేశాను.

పెళ్లిళ్లలో ఈ పద్ధతి కుదరదు, అక్కడ డబ్బా అడగలేం. అక్కడైతే నచ్చినవి రెండు కడుపారా తిని, మర్నాడు మామూలు టిఫిన్‌తో మొదలుపెట్టి, మూడు రోజులు తూకం జోలికి పోను.

ఆ డబ్బా ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఫోన్ చేసినప్పుడల్లా పెద్దమ్మ అడుగుతోంది.