మాంస పిఠా కోసం బారిపదా, ఝాడ్‌గ్రామ్: ఎక్కడ దిగాలి, ఎక్కడ తినాలి

మాంస పిఠా రుచి చూడాలని ఉంటే సంక్రాంతికే వెళ్లండి. ఒడిశాలోని మయూర్‌భంజ్‌లో, దాన్నానుకున్న పశ్చిమ బెంగాల్ జిల్లా ఝాడ్‌గ్రామ్‌లో మకర పర్వం చాలా పెద్ద పండగ. కొత్త బియ్యం అప్పటికే ఇంటికి చేరి ఉంటుంది, పండగకు కోడో మేకో కోస్తారు. ఆ రెండూ కలిసిందే ఈ రొట్టె. ఇక్కడి ఆదివాసీలైన లోధాల ఇళ్లలోనూ, వాళ్ల ఇరుగుపొరుగు ఆదివాసీలు సంతాల్‌ల ఇళ్లలోనూ చేస్తారు. సంతాల్‌లు జిల్ పిఠా అంటారు.

మనవాళ్లకు దారి సులువే. ఫలక్‌నుమా, కోరమాండల్ రైళ్లు రెండూ బాలేశ్వర్ (బాలాసోర్)లో ఆగుతాయి. అక్కణ్ణుంచి మయూర్‌భంజ్ జిల్లా కేంద్రం బారిపదాకు రోడ్డు మీద దాదాపు 60 కిలోమీటర్లు. చిన్న రైలు కూడా ఉంది కానీ వేళలు కుదరవు, బస్సే నయం. అయితే పండగ రోజుల్లో బస్సులు బాగా పలచబడతాయి, బజారు సగం మూతపడుతుంది. భోగి నాటికే ఊరు చేరిపోవాలి.

బారిపదాలో బసకు రెండు దారులు. డబ్బు పెట్టగలిగితే బెల్గడియా ప్యాలెస్, మయూర్‌భంజ్ రాజవంశం వాళ్లే నడుపుతున్నారు. నేను బస్టాండు దగ్గర మామూలు లాడ్జిలో దిగాను. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిచ్చారు. పండగనాడు మాత్రం వంటవాడు ఊరెళ్లిపోయి తిండి లేదు. ఆ పూట ముఢీ మాంసం ఆదుకుంది: మరమరాల మీద పొగలు కక్కే మేక మాంసం పులుసు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. అది ఆ ఊరి సొంత తిండి, వదలొద్దు. ఎర్రచీమల కాయ్ చట్నీకి 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. పుల్లగా, ఘాటుగా, జలుబు వదిలేలా ఉంటుంది.

అసలు పిఠా తిన్నది సులియాపదా వైపు ఒక లోధా ఇంట్లో. వాళ్ల దగ్గర సబాయి గడ్డి తాళ్లు కొనే ఒక పరిచయస్తుడు ముందే అడిగి, ఇంటివాళ్లు రమ్మన్నాకే తీసుకెళ్లాడు. నానబెట్టిన బియ్యం కాస్త బరకగా రుబ్బారు. చిన్నచిన్న కోడి ముక్కలకు ఉల్లి, వెల్లుల్లి, అల్లం, పసుపు, పచ్చిమిర్చి, ఆవనూనె పట్టించారు. సాల ఆకుల మీద పిండి పరిచి, నడుమ మాంసం పెట్టి, పైన మళ్లీ పిండి, మళ్లీ ఆకులు. కింద నిప్పు, పైన నిప్పు. తొందరపడితే పిండి ఉడికినా మాంసం పచ్చిగా ఉండిపోతుందట, అందుకే ఇంటి పెద్దావిడ మంటను పెరగనివ్వలేదు. ఆకు మాడిన వాసన వచ్చాక తీసి, ముందు దేవుడికి పెట్టి, ఆ తర్వాతే మాకు వడ్డించారు. అంచు మన దిబ్బరొట్టెలా కరకర, లోపల మాంసం రసమంతా పిండి తాగేసి మెత్తగా. మసాలా ఘాటు దాదాపు లేదు. ఆవనూనె, ఆకు వాసన, కొత్త బియ్యం తీపి. ఇంతకన్నా ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

ఝాడ్‌గ్రామ్ చేరడం ఇంకా తేలిక, ఖరగ్‌పూర్ నుంచి లోకల్ రైలుంది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి, మా పిన్ని వాళ్లూ అక్కడే. ఝాడ్‌గ్రామ్ రాజ్‌బాడీ, అంటే రాజుగారి భవనంలో కొంత భాగం బసకు ఇస్తారు. సాల అడవి, చిల్కీగఢ్ కనకదుర్గ గుడి చూడదగ్గవి. తిండి విషయంలో మాత్రం నాకు నచ్చలేదు. నేను దిగిన రిసార్టులో ‘ఆదివాసీ భోజనం’ పేరుతో పిఠా పెట్టారు. మాంసం వేరే వండి పిండిలో చుట్టి, పెనం మీద కాల్చినది, గరం మసాలా ఘాటు తప్ప ఏమీ తెలియలేదు. వండినవాళ్లలో లోధాలు గానీ సంతాల్‌లు గానీ ఎవరూ లేరు. వాళ్ల పేరుతో అమ్మే వంటలో వాళ్లకు పైసా రాకపోవడం నాకు తప్పుగా తోస్తుంది.

బ్రిటిష్ పాలనలో లోధాలను నేరస్థ తెగ అని ముద్ర వేశారు. ఆ చట్టం 1952లో పోయింది, అనుమానపు చూపు పోలేదు. లోధాల్లో (లోధా శబరులనీ అంటారు) డిగ్రీ చదివిన తొలి మహిళ చునీ కోటాల్ కులవివక్ష వేధింపులు భరించలేక 1992లో ప్రాణాలు తీసుకుంది. ఈ ప్రాంతమంతా ఆ చరిత్ర ఇంకా పచ్చిగానే ఉంది. కాబట్టి పిలుపు లేకుండా వాళ్ల పల్లెల్లోకి కెమెరా పట్టుకుని పోవద్దు. పిలిస్తే బియ్యం, కోడి ఖర్చు మీరే ఇవ్వండి, తాళ్లో బుట్టలో కొనండి.

నా ఓటు బారిపదాకే. పక్కనే పీఠాబటా గేటు నుంచి సిమిలిపాల్ అడవి కూడా చూడొచ్చు, అటవీశాఖ కాటేజీలు మాత్రం ముందే బుక్ చేసుకోవాలి. వానాకాలంలో అడవి మూసేస్తారు.