థాయిలాండ్ డిజిటల్ అరైవల్ కార్డు: ఇంట్లో నింపాలా, ఏజెంటుకు అప్పగించాలా, దిగాక చూసుకోవాలా?

వీసా అక్కర్లేదని తెలియగానే థాయిలాండ్ ప్రయాణానికి ఇక ఏ పనీ మిగల్లేదని చాలామంది అనుకుంటున్నారు. 2024 జూలైలో భారతీయులకు 60 రోజుల వీసా మినహాయింపు ఇచ్చినప్పటి నుంచి ఈ ధీమా ఇంకా పెరిగింది. అయితే 2025 మే 1 నుంచి ఆ దేశంలోకి వెళ్లే ప్రతి విదేశీయుడి పేరిట డిజిటల్ అరైవల్ కార్డు (టీడీఏసీ), అంటే ఎవరు, ఎప్పుడు వస్తున్నారో, ఎక్కడ ఉంటారో ఆన్‌లైన్‌లో ముందే తెలిపే ఫారం, ఉండాలి. చంకలో ఉన్న పసిబిడ్డకైనా విడిగా ఒకటి కావాలి. వీసా వేరు, ఈ కార్డు వేరు. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవద్దు. బ్యాంకాక్‌లో విమానం మారి, ఇమిగ్రేషన్ దాటకుండానే వేరే దేశానికి వెళ్లిపోయేవారికి మాత్రం దీనితో పనిలేదు.

మనకు ఇలాంటి కార్డుల అలవాటు తప్పిపోయింది. విదేశాల నుంచి తిరిగొచ్చే భారతీయులు కార్డు నింపే పద్ధతి 2014లో పోయింది. 2017 జూలై నుంచి మన విమానాశ్రయాల్లో బయలుదేరేటప్పుడు నింపే కార్డునూ తీసేశారు. శంషాబాద్‌లో పాస్‌పోర్టు చూపిస్తే సరిపోతుంది కాబట్టి అక్కడా అంతేనని అనుకోవడం సహజమే. థాయిలాండ్‌లో కూడా టీఎం6 అనే పాత కాగితపు కార్డును విమాన ప్రయాణికులకు 2022లోనే ఆపేశారు. అంతకు ముందు వెళ్లొచ్చినవారికి పాస్‌పోర్టులో పెట్టి ఇచ్చే ఆ ముక్కను తిరుగు ప్రయాణం దాకా పారేయకుండా దాచుకోవడం గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు కాగితం మీద నింపాలా, ఆన్‌లైన్‌లో నింపాలా అని ఎంచుకునే అవకాశం లేదు, ఆన్‌లైన్‌లోనే నింపాలి. కార్డును ఎవరు, ఎక్కడ, ఎప్పుడు నింపాలన్నదే మన చేతిలో ఉంది.

మూడు దారుల్లో నాకు అస్సలు నచ్చనిది దిగాక నింపుకోవడం. అది కుదరని పనేమీ కాదు. బ్యాంకాక్‌లోని సువర్ణభూమి విమానాశ్రయంలో వైఫై ఉంటుంది, ఫోను తీసి అక్కడే నింపవచ్చు. కార్డు లేదని ఎవరూ వెంటనే వెనక్కి పంపేయరు కూడా. కానీ అది ఏ సమయమో ఆలోచించండి. రాత్రి నిద్ర సగమై ఉంటుంది, పిల్లలు ఏడుస్తుంటారు, ఫోనులో ఛార్జింగ్ తగ్గిపోయి ఉంటుంది, హోటల్ చిరునామా ఉన్న ఈమెయిల్ వెతికితే దొరకదు. మీరు ఒక పక్కన నిలబడి నలుగురి వివరాలు టైపు చేసేలోపు మీ విమానం వాళ్లే కాదు, తర్వాత దిగిన రెండు విమానాల వాళ్లు కూడా వరుసలో మీకంటే ముందుకు చేరతారు. పైగా హైదరాబాద్‌లో చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఈ కార్డు ఉందా అని అడిగే సిబ్బంది ఉన్నారు. సామాను ట్రాలీ మీద పెట్టుకుని అక్కడ నింపడం ఇంకా ఇబ్బంది. ఉన్నట్టుండి టికెట్ కొని అదే రోజు బయలుదేరాల్సి వచ్చినవారికి తప్ప ఈ దారి వద్దంటాను.

ఏజెంటు చేత నింపించడం అంత చెడ్డదేమీ కాదు. ముప్పై నలభై మంది కలిసి ప్యాకేజీలో వెళ్లేటప్పుడు, అందులో సగం మందికి ఇంగ్లీషు ఫారాలంటే బెరుకు ఉన్నప్పుడు, ఒకరే కూర్చుని అందరివీ నింపడంలో అర్థముంది. నాకు అభ్యంతరం ఒక్కటే. మీ పేరుతో ఒక దేశ ప్రభుత్వానికి ఏం చెప్పారో మీకే తెలియకుండా పోతుంది. ఏజెంటు అలవాటుగా ఏదో ఒక హోటల్ పేరు వేస్తాడు, అందరికీ తన ఫోను నంబరే ఇస్తాడు, వృత్తి గడిలో తోచింది రాస్తాడు. ఇమిగ్రేషన్ అధికారి ఎక్కడ ఉంటారని అడిగినప్పుడు మీరు చెప్పేది ఒకటి, కార్డులో ఉన్నది మరొకటి అయితే జవాబు చెప్పుకోవాల్సింది మీరే. అతను అక్కడ ఉండడు. కాబట్టి ఏజెంటుకు ఇచ్చినా, నింపిన కార్డు పీడీఎఫ్‌ను బయలుదేరే ముందు రోజుకల్లా తెప్పించుకుని పేరు, పాస్‌పోర్టు నంబరు, పుట్టినతేదీ, దిగే తేదీ, హోటల్ అన్నీ చదవండి. హోటల్, విమానం లాంటి వివరాలను తర్వాత మార్చుకోవచ్చు. పేరు, పాస్‌పోర్టు నంబరు, జాతీయత, పుట్టినతేదీ తప్పుపడితే మాత్రం దిద్దుబాటు ఉండదు, కొత్త కార్డు నింపాల్సిందే.

ఇక డబ్బు సంగతి. ఈ కార్డుకు థాయిలాండ్ ప్రభుత్వం ఒక్క బాత్ (అక్కడి కరెన్సీ) కూడా తీసుకోదు. ఏజెంటు తన శ్రమకు కొంత అడిగితే అది మీకూ అతనికీ మధ్య వ్యవహారం. కానీ ఇంటర్నెట్‌లో వెతికినప్పుడు అన్నిటికంటే పైన కనిపించే కొన్ని వెబ్‌సైట్లు అచ్చం ప్రభుత్వానివిలా ఉండి, చివర్లో మీ బ్యాంకు కార్డు నంబరు అడిగి డబ్బు గుంజుతాయి. పాస్‌పోర్టు వివరాలు కూడా వాళ్ల చేతికి వెళ్తాయి, నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే. అసలు వెబ్‌సైటు చిరునామా టీడీఏసీ డాట్ ఇమిగ్రేషన్ డాట్ జీవో డాట్ టీహెచ్ (tdac.immigration.go.th). చివర జీవో డాట్ టీహెచ్ లేకపోతే, లేదా ఎక్కడైనా చెల్లింపు పేజీ వస్తే, వెంటనే మూసేయండి.

నా ఓటు ఇంట్లో, ప్రయాణానికి రెండు రోజుల ముందు, పాస్‌పోర్టులన్నీ ముందు పెట్టుకుని నింపుకోవడానికే. దిగే తేదీకి ముందు మూడు రోజుల్లోపే ఈ ఫారం పంపాలని నిబంధన, అందుకే నెల ముందే పూర్తి చేసుకునే వీలు లేదు. కుటుంబంలో ఒకరు కూర్చుంటే ఒకరి తర్వాత ఒకరిని చేర్చుకుంటూ అందరివీ ఒకేసారి పంపవచ్చు. ఫారం తెలుగులో లేదు. అయినా అందులోని ఇంగ్లీషు బ్యాంకు ఫారంలో ఉండేదానికంటే కష్టమైనదేమీ కాదు. తడబడే చోట్లు మూడే.

మొదటిది పేరు. మన ఇంటిపేర్ల తంటా అందరికీ తెలిసిందే. ఒకరి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, మరొకరిది ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు రెండో గడిలో ఉంటుంది. మనం రోజూ ఎలా రాసుకుంటామన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో ఫారంలోనూ అదే గడిలో అదే రాయాలి. సందేహముంటే ఫొటో పేజీ అడుగున ఉండే రెండు వరుసల, యంత్రాలు చదివే అక్షరాలు చూడండి. ఇంటిపేరు గడి నిండి ఉన్న పాస్‌పోర్టులో, పై వరుసలో ఐఎన్‌డీ (IND) అన్న మూడక్షరాల తర్వాత వచ్చేది ఇంటిపేరు, ఆపైన జంట బాణం గుర్తులు (<<), వాటి తర్వాత సొంత పేరు.

రెండోది తేదీ. పదో తేదీ రాత్రి పదకొండున్నరకు హైదరాబాద్‌లో ఎక్కితే బ్యాంకాక్‌లో దిగేది పదకొండో తేదీ తెల్లవారుజామున. అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది. కార్డులో రాయాల్సింది అక్కడ దిగే తేదీయే. కౌలాలంపూర్‌లో విమానం మారి వెళ్తుంటే, థాయిలాండ్‌లో దిగే రెండో విమానం నంబరు ఇవ్వాలి.

మూడోది చిరునామా. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. హోటల్ పేరు రాస్తే చాలదు. రాష్ట్రం, జిల్లా, ఉపజిల్లా వరుసగా ఎంచుకోమంటుంది. పటాయా వెళ్లేవారు రాష్ట్రాల జాబితాలో పటాయా కోసం వెతుకుతారు. అది ఉండదు. పటాయా చోన్‌బురి రాష్ట్రంలో బాంగ్ లముంగ్ జిల్లాలోది. బ్యాంకాక్‌లో సుఖుంవిత్ రోడ్డు మీద హోటల్ తీసుకున్నవారికీ ఇదే చిక్కు. ఆ రోడ్డు చాలా పొడవైనది, హోటల్ ఏ సందులో ఉందన్నదాన్ని బట్టి జిల్లా వత్తనా కావచ్చు, ఖ్లోంగ్ తోయీ కావచ్చు. హోటల్ బుకింగ్ కాగితంలో పూర్తి చిరునామా ఉంటుంది, దాన్ని పక్కన పెట్టుకుంటే రెండు నిమిషాల పని. ఈ ఒక్క గడి చాలు, దిగాక నింపడం ఎందుకు వద్దంటున్నానో చెప్పడానికి.

అమ్మానాన్నలు మాత్రమే వెళ్తున్నప్పుడు, వేరే ఊళ్లోనో వేరే దేశంలోనో ఉన్న కొడుకో కూతురో నింపి పంపడం ఏజెంటు కంటే ఎన్నో రెట్లు నయం. వృత్తి, ఆరోగ్యం, గత రెండు వారాల్లో ఉన్న దేశాలు వంటివి ఇంట్లోవాళ్లకు సరిగ్గా తెలుస్తాయి. ఆ తర్వాత ఫోను చేసి ఏ హోటల్, ఎన్ని రోజులు అన్నది వారి చేత ఒకసారి చెప్పించండి. అధికారి అడిగేది సాధారణంగా అంతే. తిరుగు టికెట్ చూపమని అడిగినా ఆశ్చర్యం లేదు కాబట్టి అదీ అందుబాటులో ఉంచాలి.

మలేషియా, సింగపూర్ కార్డులకూ ఇదే సలహా వర్తిస్తుంది. రెండూ ఉచితమే, రెండింటికీ మూడు రోజుల గడువే. సింగపూర్‌కు మనం ముందే వీసా తీసుకోవాలి. అయినా కార్డు విడిగా నింపాల్సిందే.

నింపాక వచ్చే క్యూఆర్ కోడ్‌ను ఫోనులో ఉంచుకోవాలా, కాగితం మీద తీయించుకోవాలా? రెండూ చెల్లుతాయి. యువతకు ఫోను చాలు, కానీ ఇంటర్నెట్ లేకున్నా తెరుచుకునేలా ఫొటోగా దాచుకోవాలి. పెద్దవాళ్లకు మాత్రం ప్రింటు తీయించి, ఎవరి కార్డు వారి పాస్‌పోర్టులోనే పెట్టి ఇవ్వండి. వరుసలో భార్యాభర్తలు వేరువేరు కౌంటర్లకు వెళ్లాల్సి వచ్చినా, ఇద్దరి కార్డులూ ఒకరి ఫోనులోనే ఉండిపోయిన ఇబ్బంది రాదు.