రిజైన్ మెయిల్ కొట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి

ఉద్యోగం పోతే మూడు ఈఎంఐలు మేమే కడతామని హోమ్ లోన్‌తో కలిపి అంటగట్టే 'జాబ్ లాస్ కవర్' ఒకటి. మొదటి రోజు నుంచే అన్నీ కవర్ అవుతాయని ఫోన్లో అమ్మే హెల్త్ పాలసీ ఇంకొకటి. రెండూ కొన్నాను. అవసరం పడ్డ రోజున ఒక్కటీ ఆదుకోలేదు. అన్నీ కలిపి లక్షన్నర పైనే చేతి చమురు వదిలింది. కంప్లైంట్ ఇంకా నడుస్తోంది కాబట్టి ఎవరి పేర్లూ రాయడం లేదు. జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో తొమ్మిదేళ్లు చేశాను. మొన్న జనవరిలో ఒక మంగళవారం పదకొండింటికి హెచ్ఆర్ నుంచి వీడియో కాల్. పావుగంటలో ముగిసింది. "మీ టీమ్ మొత్తం తీసేస్తున్నాం. మీరే రిజైన్ చేస్తున్నట్టు మెయిల్ పెడితే రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా వస్తుంది. మేం టెర్మినేట్ చేస్తే రికార్డులో ఉండిపోతుంది, తర్వాత మీకే ఇబ్బంది" అన్నారు. డ్రాఫ్ట్ కూడా వాళ్లే పంపారు. రెండే వాక్యాలు. వ్యక్తిగత కారణాల వల్ల తప్పుకుంటున్నాను, ఇన్నాళ్లూ అవకాశం ఇచ్చినందుకు ధన్యవాదాలు. కంగారులో నా ఇంటిపేరే తప్పు కొట్టి, మళ్లీ దిద్ది, సెండ్ నొక్కాను. శుక్రవారం లాస్ట్ వర్కింగ్ డే అన్నారు.

ఇప్పుడు ఆ జాబ్ లాస్ కవర్ సంగతి. 2022లో ఫ్లాట్ కొన్నప్పుడు లోన్ ఇప్పించిన కుర్రాడు, సంతకాల రోజున నలభై కాగితాల మధ్యలో దాన్ని పెట్టాడు. 38,500 రూపాయలు ఒకేసారి. "మీ జేబులోంచి ఏం పోదు సార్, లోన్‌లోనే కలిపేస్తాం" అన్నాడు. అంటే ఆ డబ్బుకి ఇవాళ్టికీ వడ్డీ కడుతున్నాను. ఆ పాలసీ వద్దన్నా లోన్ వచ్చేదని నాకు తర్వాత తెలిసింది.

క్లెయిమ్ పెట్టాక పన్నెండు రోజులకి జవాబు వచ్చింది. స్వచ్ఛందంగా రాజీనామా చేసినందున చెల్లించలేం. అంతే. అప్పుడు తీసి చదివాను పాలసీ బుక్‌లెట్. మినహాయింపుల పేజీలో అన్నీ ఉన్నాయి: రాజీనామా చేస్తే రాదు, ప్రొబేషన్‌లో ఉంటే రాదు, పని బాగోలేదని తీసేస్తే రాదు, క్రమశిక్షణ చర్య అయితే రాదు. కంపెనీ "మేమే తీసేశాం" అని రాసిచ్చిన కాగితం ఉంటేనే వస్తుంది. నా దగ్గర ఉన్నదేమో నేను రాసిన కాగితం! హెచ్ఆర్‌తో ఆ రోజు మాట్లాడింది ఎక్కడా రాతపూర్వకంగా లేదు. మన దేశంలో ఉద్యోగం పోతే డబ్బిచ్చే పాలసీలు మామూలుగా ఇలా లోన్‌కో ఇంకో పాలసీకో తోకలా వస్తాయి. ఎవరైనా అమ్మజూపితే మొదటి పేజీ వదిలేసి నేరుగా మినహాయింపుల పేజీకి వెళ్లండి. పాలసీ చేతికొచ్చి ఇంకా ముప్పై రోజులు కాకపోతే ఫ్రీ లుక్‌లో, అంటే నచ్చకపోతే తిప్పిపంపే గడువులో, వెనక్కి ఇచ్చేయొచ్చేమో చూడండి.

ఇక్కడ మా బావమరిది గురించి చెప్పాలి. పదో తరగతితో ఆపేశాడు. జీడిమెట్లలో ఒక ప్యాకింగ్ యూనిట్‌లో పదహారున్నర వేల జీతం. రెండో షిఫ్టు ఎత్తేసినప్పుడు వాళ్ల సూపర్‌వైజరు కూడా ఇలాగే రాజీనామా రాయమన్నాడట. "నేను మానేస్తా అన్లేదు కద సార్. మీరే తీసేసినట్టు రాసియ్యండి" అని అక్కడే నిలబడ్డాడు. గంటసేపు నిలబడితే రాసిచ్చారు. వాడికి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉంది, నెలకు 21 వేల లోపు జీతగాళ్లకి ఉంటుంది కదా. అందులో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఒకటుంది. రెండేళ్ల సర్వీసు, సరిపడా చందా రోజులు ఉంటే సగటు రోజు జీతంలో సగం చొప్పున 90 రోజుల దాకా ఇస్తారు, జీవితంలో ఒక్కసారి. తప్పు చేసి పోయిన ఉద్యోగానికి, వాలంటరీ రిటైర్‌మెంట్‌కి ఇవ్వరు. నెట్ సెంటర్‌ వాడు ఆ ఫామ్ నింపడానికి మూడు వేలు అడిగాడు. మా బావమరిది ఇవ్వలేదు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులతో బ్రాంచి ఆఫీసుకే పోయాడు. దాదాపు 24 వేలు ఖాతాలో పడ్డాయి. ఈఎస్ఐ వైద్యం కూడా ఉద్యోగం పోయిన రోజే ఆగిపోదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన చందాకి తర్వాతి జనవరి నుంచి జూన్ వరకు, అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినదానికి జూలై నుంచి డిసెంబరు వరకు లెక్క. మా అత్తమ్మ బీపీ మాత్రలు ఇప్పటికీ డిస్పెన్సరీ నుంచే వస్తున్నాయి. ఇంట్లో అందరికంటే చదువుకున్నవాడిని నేనే అని ఇన్నాళ్లూ అనుకునేవాణ్ణి.

అసలు దెబ్బ హెల్త్ పాలసీ దగ్గర తగిలింది.

కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ శుక్రవారం అర్ధరాత్రితో ఆగిపోయింది. నెలాఖరు దాకా ఉంటుందనుకున్నాను, లేదు. మా ఆవిడకి గాల్ బ్లాడర్‌లో రాళ్లున్నాయని నవంబరులో స్కానింగ్‌లో తేలింది. మళ్లీ నొప్పి వస్తే ఆపరేషన్ చేయాలన్నారు డాక్టరు. అందుకే కంగారుపడి ఆన్‌లైన్‌లో నంబరు ఇచ్చాను. పది నిమిషాల్లో ఏజెంట్ ఫోన్. రాళ్ల సంగతి దాచలేదు, చెప్పాను. "అవన్నీ రాస్తే ప్రీమియం పెరుగుద్ది సార్, నేను చూసుకుంటా. డే వన్ నుంచి కవర్" అన్నాడు. వాట్సాప్‌లో పంపిన కొటేషన్‌లో 18 శాతం జీఎస్టీ కలిపి ఉంది. వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు కదా అని నిలదీశాను. సారీ సార్, పాత షీటు అని తీసేశాడు. భలే పట్టుకున్నానని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను కూడా. చివరికి 26,800 కట్టాను. "ఓటీపీ వచ్చింది, చెప్పండి సార్" అంటే చెప్పాను. ఆ ఓటీపీయే నా సంతకమని నాకప్పుడు తట్టలేదు.

పాలసీ పీడీఎఫ్ మెయిల్‌లో వచ్చింది. తెరవలేదు. నలభై ఒకటో రోజు రాత్రి రెండింటికి మా ఆవిడకి నొప్పి లేచింది. మొదటి 30 రోజుల వెయిటింగ్ (క్లెయిమ్ ఇవ్వని గడువు) దాటిపోయిందిలే అన్న ధీమాతో హాస్పిటల్‌కి తీసుకెళ్లాను. పొద్దున ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర కూర్చున్న అబ్బాయి కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించాడు. గాల్ బ్లాడర్ రాళ్లు, హెర్నియా, కాటరాక్ట్ లాంటి కొన్నిటికి 24 నెలల వెయిటింగ్. దాని కిందే నా ప్రపోజల్ ఫామ్. వరసగా ఆరోగ్య ప్రశ్నలు, ప్రతిదానికీ ఎదురుగా 'నో'. ఆరు నెలల్లో స్కానింగ్ ఏదైనా చేయించారా అన్నదానికీ 'నో'. ఆ స్కానింగ్ రిపోర్టు ఫైలు నా చంకలోనే ఉంది.

క్యాష్‌లెస్ రిజెక్ట్. బిల్లు 92 వేలు. మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి కట్టాను.

నేను చేయాల్సింది ఏమిటంటే, ఆ మంగళవారానికీ శుక్రవారానికీ మధ్యలోనే గ్రూప్ పాలసీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టడం. గ్రూప్ పాలసీలో ఉన్నవాళ్లు అదే ఇన్సూరెన్స్ కంపెనీలో వ్యక్తిగత లేదా ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ ఒకే పాలసీ) పాలసీకి మారే హక్కు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల్లోనే ఉంది. దాన్ని మైగ్రేషన్ అంటారు. ప్రీమియం మనమే కట్టుకోవాలి, వాళ్లు ఆరోగ్య వివరాలూ అడుగుతారు. కానీ గ్రూప్‌లో ఉన్న ఏళ్లు వెయిటింగ్ లెక్కలోకి వస్తాయి. నాలుగేళ్లుగా అదే ఇన్సూరెన్స్ కంపెనీ కవర్‌లో ఉన్నాం మేము. పాత జబ్బులకి ఎంత ఎక్కువైనా 36 నెలలకి మించి వెయిటింగ్ పెట్టకూడదని 2024 ఏప్రిల్ నుంచి రూలు. ఆ లెక్కన మా ఆవిడ ఆపరేషన్‌కి అడ్డే ఉండేది కాదు. ఈ మాట హెచ్ఆర్ చెప్పలేదు, ఏజెంట్ చెప్పలేదు. ఏజెంట్ ఎందుకు చెప్తాడు, చెప్తే అతనికి కమీషన్ రాదు. హెచ్ఆర్ ఎందుకు చెప్పలేదో నాకిప్పటికీ అర్థం కాదు, వాళ్లకి ఒక్క మెయిల్ పని.

ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి కంప్లైంట్ రాసి, ఆ ఫోన్ కాల్ రికార్డింగ్ అడిగాను. తర్వాత ఐఆర్‌డీఏఐ వాళ్ల ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసాలో పెట్టాను, 155255కి ఫోన్ చేసినా తీసుకుంటారు. నెల దాటినా సరైన జవాబు రాకపోవడంతో హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) ఇచ్చాను. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. నా కేసులో ఓటీపీ నేనే చెప్పాను కాబట్టి పెద్ద ఆశలేమీ పెట్టుకోలేదు.

పీఎఫ్ గురించి రెండు ముక్కలు. ఉద్యోగం పోయిందని తెలిస్తే చాలు, పీఎఫ్ తీసిస్తాం ఇంత కమీషన్ అని ఫోన్లు మొదలవుతాయి. యూఏఎన్ (మన పీఎఫ్ నంబరు) పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ ఇవ్వకండి. క్లెయిమ్ ప్రభుత్వ యాప్ ఉమంగ్‌లో ఉచితం. కంపెనీ డేట్ ఆఫ్ ఎగ్జిట్ వేయకపోతే, ఆఖరి చందా పడ్డ రెండు నెలల తర్వాత మనమే వేసుకోవచ్చు. అయిదేళ్ల సర్వీసు లేకుండా 50 వేలు, ఆపైన తీస్తే పాన్ ఉన్నా 10 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) పోవచ్చు. ఇంట్లో 70 దాటిన అమ్మానాన్నలు ఉంటే ఆయుష్మాన్ వయ్ వందన కార్డు చూడండి, ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు ఉంది. రేషన్ కార్డు ఉన్నవాళ్లకి తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. మాకు కార్డు లేదు, జీతం రోజుల్లో ఎందుకులే అనుకున్నాం.

ఈ వారం హెచ్ఆర్ కాల్ వస్తుందేమో అని టెన్షన్‌లో ఎవరైనా ఉంటే, ఇవాళే గ్రూప్ ఇన్సూరెన్స్ ఈ-కార్డు, పాలసీ నంబరు, పే స్లిప్‌లు సొంత మెయిల్‌కి పంపించుకోండి. నాకు ఆ శుక్రవారం సాయంత్రం అయిదున్నరకే లాగిన్ తీసేశారు.